కుట్టు టీచరమ్మ కట్టిన గడప

నా పాత కంప్యూటర్ నడవనని మొండికేస్తే, పక్కింటి ఇంజనీరింగ్ పిల్ల వచ్చి బాగుచేసింది. లోపలున్నదంతా తుడిచేసి ఏదో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది. అది నడుస్తుంటే నాకు దాని గొప్పతనం చెప్పడం మొదలుపెట్టింది.

"దీన్ని ఒక్క కంపెనీ చెయ్యలే తాతా. ఎక్కడెక్కడోళ్లో కలిసి చేసిన్రు. లోపల ఎట్ల రాసిన్రో ఎవలన్న చూడొచ్చు. తప్పుంటే దిద్ది పంపొచ్చు. దిద్దినోళ్ల పేరు గూడ పెడ్తరు."

"మరి 'ఝ'కు ఒక చుక్క ఎక్కువ పడితే?" అన్నాను.

పిల్ల తెల్లమొహం వేసింది. ఆ పిల్ల తప్పేముంది? జనగామ ఆడపిల్లల హైస్కూల్లో ఒకప్పుడు కుట్టు నేర్పిన టీచరమ్మ పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఏది చూసినా నాకు ఆమే గుర్తొస్తోంది.

నేనామెను మొదటిసారి చూసింది హనుమకొండలో, కంప్యూటర్ శిక్షణలో. ఎనభైల నడుమ మాట. ప్రభుత్వం కొన్ని ఉన్నత పాఠశాలలకు రెండేసి కంప్యూటర్లు ఇస్తూ, బడికొక టీచరుకు పది రోజులు తర్ఫీదు పెట్టింది. మహబూబాబాద్ బడి నుంచి లెక్కల టీచరుగా నేను వెళ్లాను. అందరం లెక్కలో, సైన్సో చెప్పేవాళ్లం. ఒక్కామె మెడలో కొలతల టేపు వేసుకుని వచ్చింది. మరిచిపోయి వేసుకొచ్చిందేమో అనుకున్నాను. పది రోజులూ అది మెడలోనే ఉంది.

"మీరు ఏ సబ్జెక్టు మేడం?" అని అడిగాను.

"కుట్టు."

"మరి కంప్యూటర్‌కు..."

"మా హెడ్మాస్టరమ్మ పంపింది తమ్మీ. బడి మొత్తంల తాళం సక్కగ పడే గది నాదొక్కటేనట. పరదాలు గూడ ఉన్నయట. గందుకని గిది నాకు అంటగట్టింది." చెప్పి గట్టిగా నవ్వింది. అప్పటికి ఆమెకు ముప్పై అయిదు దాటి ఉంటాయి. పలుచటి మనిషి. నవ్వు మాత్రం లావుపాటి మనిషిది.

పాఠం చెప్పే ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు, మంచివాడే. ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయేవాడు. అందరం తలలూపేవాళ్లం. మూడో రోజు ఆమె చెయ్యెత్తింది. "సార్, దీన్ని జర ఇప్పి చూపిస్తరా? లోపలేముందో చూస్తం."

ఆయన నవ్వు ఆపుకున్నాడు. "ఇప్పి కాదమ్మా, విప్పి."

"మీరు విప్పున్రి సార్. నేను ఇప్పిన్రనుకుంట."

గదంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వేశాడు, కానీ మూత మాత్రం తీయలేదు. అది నిబంధనలకు విరుద్ధమట. సాయంత్రం బస్టాండుకు నడుస్తూ ఆమె నాతో అన్నది: "ఇప్పి చూడనిది ఎట్ల నేర్చుకుంటం తమ్మీ? నేను రైక కుట్టుడు రైక ఇప్పే నేర్చుకున్న."

ఆ రోజు మాతో పాటు నడిచిన మూడో మనిషి భూపాలపల్లి సైన్సు టీచరు ప్రభుదాస్. బొగ్గు గనులు అప్పుడప్పుడే వస్తున్న ఊరు. బడి చుట్టూ అడవి. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. మాటలు తక్కువ. మేం ముగ్గురం ఒక్కచోట కూడినది తర్వాత నాలుగైదు సార్లకు మించదు. కానీ మూడేళ్ల పాటు వారానికొకసారైనా ఒకరికొకరం రాసుకున్నాం.

ఎందుకు రాసుకున్నామంటే, ఆ కంప్యూటర్ మీట వేయగానే తెర మీద రెండు ఇంగ్లీషు వరుసలు వచ్చేవి. కింద ఒక గీత కొట్టుకుంటూ ఉండేది. అంతే. తర్వాత ఏం చేయాలో అది చెప్పదు. దానికి మనం ఇంగ్లీషులో హుకుం ఇవ్వాలి. శిక్షణ అయిన నెలకు జనగామ నుంచి నాకొక కార్డు వచ్చింది. "తమ్మీ, మా పిల్లలు దాని ముందట చేతులు కట్టుకొని నిలబడుతున్నరు, తప్పు చేసినోళ్ల లెక్క. అది తెలుగుల పలకరించేటట్టు చెయ్యొస్తదా? మన బడి అని తెలవాలె. అడుగుపెట్టేటందుకు ఒక గడప ఉండాలె."

ఆ కార్డు నుంచే మా పనికి గడప అని పేరు పడింది.

ఆ తర్వాతి ఆదివారమే పాసింజరు ఎక్కి జనగామ పోయాను. ఆమె గదిలో ఒకపక్క ఆరు కుట్టు మిషన్లు, ఇంకోపక్క రెండు కంప్యూటర్లు. పరదాలు పిల్లల యూనిఫాం గుడ్డతో కుట్టినవి. పుస్తకంలో చదివిన ఒక విషయం ఆమెకు చెప్పాను. ఎనిమిది గళ్లు నిలువు, ఎనిమిది గళ్లు అడ్డం ఉన్న చదరంలో ఏ గడి నింపాలో చెబితే, మనం కోరిన ఆకారం తెర మీద వస్తుంది. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క అంకె ఇవ్వాలి. సుద్దముక్కతో బల్ల మీద గీసి చూపించాను.

ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని వింటోంది. అవి తీసి, బీరువాలోంచి ఒక దిండు గలీబు తెచ్చి పరిచింది. దాని మీద గళ్లు లెక్కపెట్టి కుట్టిన చిలుకలు. "గిదే గదా నువ్వు చెప్పేది?"

"ఇదే."

"మరి గంత పరేషాన్ అయితవేంది? మా ఏడో తరగతి పిల్లలు కుడ్తరు దీన్ని."

ఎనిమిది గళ్లలో తెలుగు అక్షరం పట్టదని చెప్పింది కూడా ఆమే. "అ అంటే ఒస్తది గని, ఖ ఊపిరాడక చస్తది. నాలుగు చదరాలు కలిపి ఒక అక్షరం చెయ్యి." అట్లాగే చేశాం. అక్షరాలు మూడు బళ్లకు పంచింది. జనగామ పిల్లలకు అచ్చులు, గుణింతాలు. మహబూబాబాద్‌కు క నుంచి న దాకా, ఒక్క ఝ తప్ప. మిగిలిన హల్లులు, వత్తులు భూపాలపల్లికి. ఝ నాకు ఎంతకూ కుదరక భూపాలపల్లికే తోశాను. గళ్ల కాగితాలు పోస్టులో నా దగ్గరికి వచ్చేవి. ఒక్కొక్క అక్షరానికి ముప్పై రెండు అంకెలు కట్టి కార్యక్రమంలో, అంటే ప్రోగ్రాంలో, రాసేవాణ్ణి. పూర్తయినది క్యాసెట్‌లో ఎక్కించి మిగతా రెండు బళ్లకు పంపేవాణ్ణి. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు కార్యక్రమం టేప్‌రికార్డర్ నుంచి అందేది. కీచుమని అరిచే ఆ చప్పుడుకు మా బడి కుక్క కూడా లేచి వెళ్లిపోయేది. కొత్త క్యాసెట్లు దొరక్క పాత పాటల క్యాసెట్ల మీదే ఎక్కించేవాళ్లం. కార్యక్రమం అయిపోగానే మిగిలిన సగం భజన వినిపించేది. పిల్లలు దాన్ని కూడా కంప్యూటర్ పాఠంలో భాగమే అనుకున్నారు.

కార్యక్రమం మొత్తాన్ని ఒక పొడుగు నోటుబుక్కులో రాసి పెట్టింది ఆమె. దాన్ని తనే కుట్టింది, దారం వదులుగా. ఎవరైనా ముడి విప్పి మధ్యలో కొత్త కాగితం పెట్టి మళ్లీ కట్టొచ్చు. అది కూడా మూడు బళ్లు తిరిగేది. ప్రతి కాగితం అంచున ప్రశ్నలు, జవాబులు. "ఇక్కడ ఎందుకు ఇట్ల?" అని జనగామ తొమ్మిదో తరగతి పిల్ల అడిగితే, భూపాలపల్లి నుంచి ప్రభుదాస్ ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబు రాసేవాడు. గడపలో లెక్కకు సరైన జవాబు నొక్కితే మోగే నాలుగు స్వరాలు కూడా ఆయనవే.

సంవత్సరం తిరిగేసరికి గడప నిలబడింది. మీట వేసి, క్యాసెట్ ఆడిస్తే, తెర మీద పెద్ద అక్షరాలతో "రండి" అని వచ్చేది. కింద లెక్కలు, బొమ్మలు, ఆట. పేరు అడిగేది. పేరు కొడితే అదే పేరుతో పలకరించేది. జనగామలో ఆ రోజు నేనూ ఉన్నాను. బచ్చన్నపేట దిక్కు నుంచి వచ్చి చదువుకునే పిల్ల ఒకతి తన పేరు ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టింది. తెర మీద పేరు చూసి గబుక్కున వెనక్కి తిరిగి, ఎవరైనా తనను పిలిచారేమోనని చూసింది. టీచరమ్మ మురిపెం అప్పుడు చూడాలి. టేపు రెండు చేతులా పట్టుకుని లాగుతూ, "మల్లొకపారి కొట్టు, మల్లొకపారి కొట్టు" అంటూనే ఉంది.

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. అంకెలన్నీ కట్టింది నేను కదా అని, గడప మొదటి తెర మీద నా పేరు పెద్దగా పెట్టుకున్నాను.  తర్వాత జనగామ నుంచి వచ్చిన క్యాసెట్‌లో పైన నా పేరు లేదు. చివర ఒక పట్టిక ఉంది. అక్షరం గీసినవాళ్లు, తప్పు పట్టినవాళ్లు, అందరి పేర్లూ వచ్చిన వరుసలో. నాది పదకొండోది. నా పైన భూపాలపల్లి బడి అటెండరు. 'గడప'లో 'డ'కు తలకట్టు తప్పుందని మొదట చెప్పింది ఆయనేనట. రెండు వారాలు ఉత్తరం రాయలేదు నేను. మూడో వారం ఆమె నుంచే కార్డు వచ్చింది: "అలిగినవా? ఆ అటెండరు సారుకు చదువు రాదు తమ్మీ. ఆకారం చూసి తప్పు పట్టిండు. మరి ఎవలది పైన ఉండాలె?"

సిగ్గేసింది. ఆ కార్డుకు జవాబు రాయడానికి మూడు కాగితాలు చింపాను.

తర్వాతి ఏడాది పరీక్షల డ్యూటీ తొర్రూరులో పడింది. మధ్యాహ్నం ఖాళీగా ఉంటే, అక్కడి ఒక ప్రైవేటు బడివాళ్లు, "మా కంప్యూటర్ చూద్దురు రండి సార్" అని తీసుకుపోయారు. చూస్తే మా గడప! పైన ఇంగ్లీషులో ఎవరిదో పేరు, ఎవరిదో కంప్యూటర్ సెంటరు. చివర పట్టిక లేదు. పొరబాటు పడుతున్నానేమో అనుకుని అక్షరాలన్నీ వేయించి చూశాను. ఝకు ఒక చుక్క ఎక్కువ ఉంది. ప్రభుదాస్ పెట్టిన చుక్క. మేం దాన్ని అప్పటికి దిద్దాం కానీ పాత క్యాసెట్లలో అట్లాగే ఉంది. లోపల ఎట్లా రాశారో చూద్దామని హుకుం కొట్టాను. రాలేదు. ఎవరూ చూడకుండా తాళం వేశారు.

అటునుంచి అటే జనగామ పోయాను. ఆమె పిల్లలకు గుడ్డ కత్తిరించడం చూపిస్తోంది. నేను ఆవేశంగా చెబుతుంటే మొదట నవ్వింది. "గాయన నాకు యాదికుంది. పట్నం నుంచి ఒచ్చిండు, ఒక క్యాసెట్ ఇయ్యమంటే ఇచ్చిన. అడిగినోళ్లకందరికి ఇచ్చినం గద. అమ్ముకుంటుండా? అమ్ముకోనియ్."

"మన పేర్లు తీసేశాడక్కా."

"గది మంచిగ లేదు."

"పైగా తాళం వేశాడు. లోపల ఎవరూ చూడలేరు."

కత్తెర ఆగింది. ఆమె మొహంలో నవ్వు పోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పిల్లల్ని ఆటకు పంపి, బల్ల మీద కూర్చుంది.

"అరవై తొమ్మిదిల తెలంగాణ కోసం లొల్లయి మా చదువు బందయింది తెలుసు గదా. ఊరేగింపులల్ల మేం గూడ తిరిగినం. గని ఇంట్ల ఎన్ని నెలలని ఊకె కూసుంటం? మా వాడకట్టుల ఒక దర్జీ ఉండె. నేర్పున్రి అని పోయిన. గుండీలు కుట్టుమంటడు, అంచులు మడవమంటడు. గని గుడ్డ కత్తిరించేటప్పుడు మాత్రం గోడ దిక్కు తిరుగుతడు. నాకు వీపు కనబడేది, కత్తెర చప్పుడు ఇనబడేది. నాలుగు నెలలు గా వీపు చూసిన తమ్మీ. ఆఖరికి మా అమ్మ పెండ్లి రైక తీసి, కుట్లన్ని ఇప్పి, కాయితం మీద పరిచి గీసుకున్న. మా అమ్మ ఏడ్చింది. మల్ల కుట్టిచ్చిన గని ఏడ్చిందయితే ఏడ్చింది." టేపు వేలికి చుట్టుకుంటూ, "గా తొర్రూరు పిల్లలకు గిప్పుడు వీపు కనబడ్తున్నది" అన్నది.

కలెక్టరుకు రాద్దామన్నాను. పేపర్లో వేయిద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. మర్నాడు సెలవు పెట్టి, పాలకుర్తి మీదుగా బస్సులో తొర్రూరు పోయి, ఆ బడి టీచరుకు మా క్యాసెట్, నోటుబుక్కు నకలు ఇచ్చి వచ్చింది. ఆ టీచరు భయపడుతూ తీసుకుని, బీరువాలో పెట్టుకుందట. "పెట్టుకోనియ్. ఉన్నదని తెలుసు గద ఇగ," అన్నది.

నెల తర్వాత, వేసవి సెలవులకు ముందు, ఆ పట్నం ఆయన జనగామ వచ్చాడు. ఆమె టెలిగ్రాం ఇచ్చి నన్ను పిలిపించింది. "తప్పు దొరికింది. వెంటనే రా." చదివినవాళ్లెవరైనా ఏదో ఘోరం జరిగిందనుకుంటారు.

నేను పోయేసరికి ఆయన కుట్టు మిషను ముందరి చిన్న ముక్కాలిపీట మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. చెమటలు. తొర్రూరు బడిలో తరగతి మొత్తం పేర్లు ఎక్కించారట. నలభై ఒకటో పేరు కొట్టగానే గడప ఆగిపోతోందట. బడివాళ్లు ఊరుకోవడం లేదట.

"మీరే సరిచేసుకోవచ్చు కదా," అన్నాను, కొంచెం కసిగానే.

ఆయన తల దించుకున్నాడు. "తాళం వేయడం ఏదో పత్రికలో చూసి వేశాను సార్. తీయడం అందులో లేదు. తాళం లేని క్యాసెట్ మీద మా తమ్ముడు పాటలెక్కించుకున్నాడు."

నేను ఏదో అనబోయాను. ఆమె వినడం లేదు. ఆయన వైపు తిరిగి, ఏదో తాయిలం దొరికినట్టు మెరిసే కళ్లతో మళ్లీ అడుగుతోంది. "నలభై ఒకటోదా? నలభై దాక మంచిగున్నదా? సూడు తమ్మీ! మనం పదిమందికి మించి ఎక్కించనే లేదు. గిన్ని దినాలు మనకు దొరకలే గీ తప్పు!"

నోటుబుక్కు ముడి విప్పింది. తొమ్మిదో తరగతి పిల్లలు మూగారు. ఒక పిల్ల వరుసలు చదువుతుంటే ఇంకో పిల్ల వేలు పెట్టి చూపింది. పేర్లకు చోటు కేటాయించిన వరుసలో నలభై అని నేనే రాశాను. ఎందుకు రాశానో నాకే గుర్తులేదు. రెండు వందలు చేసి మళ్లీ ఎక్కించాం. పిల్లలు నలభై ఒకటో పేరుగా ఆ పట్నం ఆయన పేరే కొట్టారు. గడప ఆయనను "రండి" అంది.

ఆమె క్యాసెట్ ఆయన చేతికిచ్చింది. "తీస్కపో. తాళం మాత్రం ఎయ్యకు. తప్పు తెచ్చినవ్ గదా, ఆఖర్ల నీ పేరు రాసిన."

ఆయన నమ్మలేక పట్టిక వేయించి చూసుకున్నాడు. నిజంగానే ఉంది, ముప్పై నాలుగోది. మొదటి నుంచి చివరి దాకా చదివి, "మేడం, ఇందులో మీ పేరేది?" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. ఎన్నాళ్లుగానో ఆ పట్టిక చూస్తున్నాను. ఎప్పుడూ వెతకలేదు.

"నా పేరు పట్టది సారూ. వత్తు కింద ఇంకో వత్తున్నది. అసొంటియి మేం గియ్యలే," అని, "గింతకు నేను ఏ అక్షరం గీసిన? ఏ తప్పు పట్టిన? పిల్లలకు చెప్పుడు నా కొలువు. దానికి పేరెందుకు?" అంటూ పిల్లల్ని మిషన్ల దగ్గరికి తోలింది.

ఆ మాట నాలో ఉండిపోయింది. సెలవుల్లో భూపాలపల్లి పోయాను. ప్రభుదాస్‌కు చెబితే ఆయన లేచి వెళ్లి గళ్ల కాగితం తెచ్చాడు, అంతే. మూడు రోజులు కూర్చున్నాం. వత్తు కింద వత్తు పెడితే అది కింది వరుసలోకి దిగిపోతోంది. పట్టికలో వరుసలన్నీ ఎడం చేశాం. ఎడం చేస్తే పేర్లు తెర దాటిపోయాయి. రెండు తెరలుగా విడగొట్టాం. అటెండరు వెనక నిలబడి, "ఇంక జర లావు గావాలె సారూ" అని దిద్దిస్తూ ఉన్నాడు.

బడులు తెరిచిన వారానికే ముగ్గురం జనగామ పోయాం. ప్రభుదాస్ కొత్త చొక్కా వేసుకున్నాడు. అటెండరు మొదటిసారి ఆమెను చూస్తున్నానని తల దువ్వుకున్నాడు. ఏమీ చెప్పకుండా క్యాసెట్ పెట్టాం. పట్టిక మొదటి తెర అయిపోయి, రెండోది వచ్చింది. చివరి వరుసలో ఆమె పేరు, ఇంటి పేరుతో సహా.

పిల్లలు చూశారు. ఒకతి పైకి చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం కదల్లేదు. తర్వాత నెమ్మదిగా తెర దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు పైకి జరిపి, అంత దగ్గరగా ఒంగి చూసింది. 

"గీ కింది వత్తు ఎవలు గీసిన్రు?"

"నేనే అక్కా," అన్నాడు ప్రభుదాస్.

"అనుకున్న. తోక పొయ్యి పై వత్తుకు తాకింది. ఒక గడి కిందికి గుంజాలె."

ఆ బల్ల దగ్గరే కూర్చుని గళ్ల కాగితం ముందుకు లాక్కుంది. ఒక్క గడి దించడానికి పట్టే సమయం కంటే చాలాసేపు తల వంచుకునే ఉంది.   చివరికి కాగితం నా చేతికిస్తూ తలెత్తింది. కళ్లు తడిగా ఉన్నాయి. మొహమంతా నవ్వే.

"తప్పు పట్టినోళ్ల పేరే గద పెట్టేది?" అన్నది. "గిప్పుడు పట్టిన. ఇగ ఉండనియ్యున్రి."